చర్మం తర్వాత చెవి

కన్ను ఎర్రబడితే చాలు, మా గోదావరి జిల్లాల్లో ప్రతివాళ్ళూ వైద్యులే. "కళ్ళకలకండి, నాలుగు రోజులుంటే అదే పోతుంది" అంటారు. పోతే సంతోషం. పోకుండా, వెలుతురులోకి వస్తే కన్ను పొడిచినట్టవుతున్నా, ఎదుట మసక కమ్ముతున్నా ఎవరి మాటా వినకుండా ఆ పూటే బస్సెక్కి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నేను చెప్పదలుచుకున్న హితవు ఇదొక్కటే. అది ముందే చెప్పేశాను కనుక మిగతాది నాకు నచ్చినట్టు, నెమ్మదిగా చెప్పుకుంటాను.

1998 వేసవి

ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. మాది ధవళేశ్వరం. నాన్న ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. ఒకనాడు పొద్దున్నే అరుగు మీదకొచ్చి చూద్దును కదా, కాలువగట్టంతా మంచు. అవతలి కొబ్బరిచెట్ల మొదళ్ళు కరిగిపోయి తలలు మాత్రం గాలిలో తేలుతున్నాయి.

"అమ్మా, మంచు పడుతోందే!" అని అరిచాను.

"మే నెల్లో మంచేంటే, నీ మొహం! ముందు మొహం కడుక్కో" అంది అమ్మ వంటింట్లోంచి.

కడుక్కున్నాను. మంచు పోలేదు. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకది భలే నచ్చింది. సాయంత్రం లైటు వేస్తే బల్బు చుట్టూ రంగుల చక్రం కనిపించేది. అమ్మ గదిలోకి వస్తుంటే నీళ్ళ అడుగునుంచి నడిచి వస్తున్నట్టు ఉండేది. కుడికన్ను మూస్తే మంచు పల్చబడేది, ఎడమకన్ను మూస్తే ఇల్లే మాయమయ్యేది. పనీపాటా లేని పిల్లని, పగలంతా అలా ఒక్కో కన్ను మూస్తూ ఆడుకున్నాను. తరువాత కళ్ళు ఎర్రబడ్డాయి, నొప్పి మొదలైంది, సరదా తీరిపోయింది.

పక్కింటి సూరమ్మగారు నందివర్ధనం పూలు కోసుకొచ్చి, "రెప్పల మీద పెట్టుకుని పడుకోమనండి, చలవ చేస్తుంది" అన్నారు. పాపం, ప్రేమగానే అన్నారు. పూలు చల్లగా, హాయిగానే ఉండేవి. ఆ సంగతి రోగానికే తెలియలేదు. అలా పూల కింద రోజులు గడిచిపోతుండగా ఓ ఆదివారం చర్చి నుంచి నేరుగా మా మేనత్త వచ్చింది.

సుగుణత్తయ్య నాన్నకి అక్క. ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేది ఆవిడే. మైకు పాడైనా అక్కడ ఎవరూ కంగారుపడేవారు కాదు. నన్ను చూసి ఆ గొంతుతోనే లేచింది. "ఒరేయ్ ప్రసాదూ! పిల్ల కళ్ళు చింతనిప్పుల్లా ఉంటే పైన పూలు పెట్టి కూచున్నారట్రా? ఇదేమన్నా సమాధా?"

సూరమ్మగారి ఇంట్లోకి కూడా వినిపించే ఉంటుంది. మర్నాడే అందరం కాకినాడ వెళ్ళాం.

కంటి ఆసుపత్రిలో ముందు చుక్కలు వేస్తారు. అవి పనిచేసేదాకా కళ్ళు మూసుకుని వరండాలో కూచోవాలి. పిల్లలూ, ముసలివాళ్ళూ, రైతులూ, ఉద్యోగస్తులూ అందరం బెంచీల మీద కళ్ళు మూసుకుని వరసగా కూచునేవాళ్ళం. "ఎవరమ్మా కళ్ళు తెరిచింది? మళ్ళీ మొదటికొస్తుంది" అని ఆయా కేకలేస్తూ తిరిగేది. ఎంత గట్టిగా అరిచేదో, నా చెంపల మీద కారిన మందుని తన కొంగుతో అంత మెత్తగా తుడిచేది. ఆవిడ మొహం నేనెప్పుడూ సరిగా చూడలేదు. ఆ కొంగుకి ఫినాయిల్ వాసన ఉండేది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరుగారు నాన్ననీ అత్తయ్యనీ మాత్రం లోపలికి పిలిచారు. అమ్మా నేనూ బయటే ఉన్నాం. చాలాసేపటికి వాళ్ళు వచ్చారు.

"కంటి లోపల వాపట. కుడికంటి తెరకి కూడా కాస్త దెబ్బ తగిలిందట. మందులు వేస్తే తగ్గుతుందట శాంతా" అన్నారు నాన్న.

అత్తయ్య ఏమీ అనలేదు. అంత గొంతున్న మనిషి మాట్లాడకపోతే ఎవరికైనా భయం వేస్తుంది. రెండు కళ్ళూ బాగవుతాయా, ఒకటైనా మిగులుతుందా? ఆ ఏడాదంతా మా ఇల్లు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. నాకు వినపడేలా దాన్ని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

నాన్న మందులు కొనడానికి వెళ్ళారు. బెంచీ మీద నా పక్కన ఎవరో తమలో తాము నవ్వుకుంటున్నారు. ఆ చోట నవ్వు ఎవరికొస్తుందా అని మసకలోనే అటు తిరిగాను. ఒళ్ళో చిన్న టేప్‌రికార్డరు, చెవిలో వైరు.

"ఏం వింటున్నారండీ?" అన్నాను.

"తిమింగలం."

"పాటా?"

"పాట కాదమ్మా, తిమింగలమే. దాని గుండెకాయ మన ఆటో అంత ఉంటుందట! మా ఊరు రామచంద్రపురం నుంచి నేనొచ్చిన ఆటోలో పదిమందిమి కూచున్నాం. ఆ లెక్కన దాని గుండెలో ఎంతమందికి చోటుందో అనుకుంటే నవ్వొచ్చింది."

ఆమె పేరు మంగ. పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చదివి, కాకినాడ దగ్గర చూపులేని పిల్లల హాస్టలు బడిలో పాఠాలు చెబుతోంది. కంట్లో అప్పుడప్పుడూ పోట్లు వస్తాయట, అందుకే ఆసుపత్రికి వస్తుంది. "పనికిరాని కంటికి ఈ పొగరొకటి" అంది.

"మా పిల్లల దగ్గరికి ఎవరొచ్చినా భక్తి పాటల కేసెట్లు ఇచ్చిపోతారమ్మా. కాకపోతే నీతికథలు. చూపు లేనివాళ్ళకి పుణ్యం తప్ప ఇంకేం అక్కర్లేదని వాళ్ళ లెక్క. వీళ్ళేమో కప్ప గాలెలా పీలుస్తుంది, చందమామ మీద నీళ్ళున్నాయా అని నా ప్రాణం తోడేస్తున్నారు. బ్రెయిలీలో అలాంటి పుస్తకాలు ఎన్నున్నాయి గనక? నా స్నేహితురాలొకామె చదివి ఇచ్చింది ఇది. నిజం చెప్పే కేసెట్టు నా దగ్గర ఇదొక్కటే."

ఆ ఒక్కటీ తీసి నా చేతిలో పెట్టింది. మళ్ళీ వచ్చేటప్పుడు తెమ్మంది. ముక్కూమొహం తెలియని పిల్లకి ఎవరిస్తారండీ అలా?

వరదల నెలలు

నా గది కిటికీలకి అమ్మ నల్లగుడ్డ కట్టింది. మాత్రలకి నా మొహం పూరీలా పొంగింది. పగలంతా మగతగా ఉండేది. ఎప్పుడు నిద్రపోతున్నానో, ఎప్పుడు మేలుకున్నానో నాకే తెలిసేది కాదు. మంచం పక్కన మా టేప్‌రికార్డరులో మంగక్క స్నేహితురాలి గొంతు సముద్రం అడుగున వెలుతురు చేరని చోటు గురించి చెబుతుండేది. అక్కడ చేపలు తమ దీపాలు తామే మోసుకు తిరుగుతాయట. గోదావరిలో ఎర్రనీరు వచ్చేసింది. ఆనకట్ట హోరు మంచం కోళ్ళలోకి కూడా పాకేది. ఆ హోరూ ఆ గొంతూ కలిసిపోయి, తిమింగలం ఒకటి సముద్రం నుంచి ఎదురెక్కి ధవళేశ్వరం దాకా వచ్చేది. లాకుల దగ్గర నాన్న రిజిస్టరు పట్టుకుని నిలబడి దాని పేరు అడిగేవారు. అది చెప్పేది కాదు. నాన్నే విసుగొచ్చి తలుపులెత్తించేవారు. అది మా వీధిలోకి ఈదుకొచ్చి కిటికీ పక్కన ఆగి ఊపిరి వదిలితే, మొహం మీద చల్లగా తగిలి మెలకువ వచ్చేది. చూస్తే అమ్మ తడిగుడ్డతో నా మొహం తుడుస్తూ ఉండేది.

నిజం నాన్న మాత్రం వరద డ్యూటీలో ఉన్నారు. ఇంటికొచ్చినా సగం మనిషే వచ్చేవారు. అందుకని నన్ను కాకినాడ తిప్పే పని అత్తయ్య మీద పడింది.

తిమింగలం కేసెట్టు అరిగిపోయేలా వినేసి అత్తయ్యని పట్టుకున్నాను. "నువ్వు చదవకూడదా? నేనూ వింటాను, మంగక్క పిల్లలూ వింటారు."

"చదవడానికేం భాగ్యం! ఆ యంత్రం ఎలా నొక్కాలో చెప్పు" అంది.

వాళ్ళ బడి లైబ్రరీ నుంచి నక్షత్రాల పుస్తకం తెచ్చింది. చదవడమంటే అత్తయ్యకి చర్చిలో చదవడం ఒక్కటే తెలుసు. "నక్షత్రములు... స్వయంప్రకాశకములు..." అని ఆగి ఆగి, ఊరంతటికీ ప్రకటిస్తున్నట్టు చదివేది. శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాల గురించి గుక్కతిప్పకుండా చదివి, పుస్తకం మూసి, అలవాటు కొద్దీ, "చదవబడిన వాక్యమును దేవుడు దీవించును గాక, ఆమెన్" అనేసింది. నేను మంచం మీద పొర్లి పొర్లి నవ్వాను.

"నవ్వకే కోడలా! శనిగ్రహాన్ని మాత్రం చేసిందెవరు?" అంది. కేసెట్టులోంచి ఆ ఆమెన్‌ని చెరపలేదు.

రికార్డింగు పెట్టినంతసేపూ అమ్మ కుక్కరు పెట్టకూడదు, గిన్నె కదపకూడదు. "మీ నక్షత్రాలు అయ్యేదాకా ఈ ఇంట్లో అన్నం ఉడకదా వదినగారూ?" అని అమ్మ విసుక్కునేది. నాకెందుకో అమ్మ కోపం కుక్కరు గురించి కాదనిపించేది. అత్తయ్యా నాన్నా గుమ్మం బయట మాట్లాడుకుంటుంటే అమ్మ వచ్చేది, వాళ్ళు మాట మార్చేవారు. అమ్మ శుక్రవారాలు ఉపవాస ప్రార్థన మొదలుపెట్టింది. కన్ను వస్తుందని అమ్మకి గట్టి నమ్మకం.

అప్పుడే మా ఇంట్లోంచి ఒక మాట పోయింది. మొదట నేను పట్టించుకోలేదు. ఓ రోజు అమ్మ గరిటలో పులుసు తెచ్చి, "ఉప్పు సరిపోయిందేమో కాస్త రుచి..." అని ఆగిపోయింది.

"రుచి ఏంటమ్మా?"

"రుచి... కనుక్కో" అంది.

రుచి కనుక్కోవడమేంటి! ఆ తరువాత చెవి ఒగ్గి విన్నాను. 'చూడు' అన్న మాట ఎవరి నోటా రావడం లేదు. పిల్ల మనసు కష్టపెట్టుకుంటుందని అత్తయ్య ఆర్డరు వేసిందట. నాన్న "చూద్దాంలే" అనడం కూడా మానేశారు. గవర్నమెంటు ఉద్యోగి ఆ మాట లేకుండా ఎలా బతికారో ఆ దేవుడికే తెలియాలి. మనకేమో వాసన చూడ్డం, రుచి చూడ్డం, అడిగి చూడ్డం, పిల్లల్ని చూసుకోవడం, అన్నీ చూడ్డమే. అది తీసేస్తే నోరు కట్టేసినట్టే. వాళ్ళ తిప్పలకి నవ్వొచ్చేది. ఆ వెంటనే, ఇంత జాగ్రత్త పడుతున్నారంటే నా కళ్ళ సంగతి వీళ్ళకేదో తెలుసన్నమాట అని ఒళ్ళు చల్లబడేది.

వరదలు తీశాక

అత్తయ్య చదివినవి రెండు మూడు పుస్తకాలయ్యాయి. ప్రయోగాల పుస్తకం, మనిషి శరీరం గురించిన పుస్తకం కూడా మంగక్కకి అందాయి. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా ఆమె ఉంటే నాకు పండగే. ఓ రోజు కళ్ళల్లో చుక్కలతో నేనూ, నా పక్కన అత్తయ్యా కూచుని ఉంటే వచ్చి మా పక్కన చతికిలబడింది.

"టీచరుగారూ, గొంతు బ్రహ్మాండమండి. మా పిల్లలు మీ ఆమెన్‌కి ఆమెన్ కూడా చెబుతున్నారు. అది సరే. ఉప్పునీళ్ళలో కోడిగుడ్డు వేసి... అన్నారు. వెంటనే వేరే ప్రయోగంలోకి వెళ్ళిపోయారు. వేసి ఏం చెయ్యాలండి? మావాళ్ళు గుడ్డు వేసి, మీ కోసం చాలాసేపు కూచున్నారు."

అత్తయ్య గొంతు తగ్గించి, "వేసి... చూడాలమ్మా" అంది.

"మరి ఆ మాట మింగేశారేంటండి? చివరికి చేతులు పెట్టి మేమే చూశాం. తేలింది. నేను పుట్టినప్పట్నుంచీ అన్నీ చూస్తూనే ఉన్నానండి, చెయ్యేసి చూస్తాను, వాసన చూస్తాను, విని చూస్తాను. ఉన్న ఒక్క మాటా మా దగ్గర్నుంచి లాక్కుంటే ఎలా?"

అత్తయ్య "తప్పేనమ్మా" అంది. నేను విన్నంతలో అంతకుముందు ఆవిడ ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"ఇంకోటి కూడా ఉందండి. చర్మం పాఠం చివర 'తరువాతి పాఠములో కన్ను గురించి తెలుసుకొందము' అన్నారు. కేసెట్టు తిప్పితే చెవి వచ్చింది. మధ్యలో కన్నెక్కడికి పోయిందండి?"

"అక్కడ... కాగితాలు చిరిగాయమ్మా" అంది అత్తయ్య.

అబద్ధమాడ్డం ఆవిడకి చేతకాదు. అందులోనూ కళ్ళు మూసుకున్నవాళ్ళ ముందు అబద్ధమాడ్డం మరీ కష్టం, గొంతు తప్ప ఇంకేం ఉండదు కదా. మంగక్క రెట్టించలేదు. నా చెయ్యి మాత్రం పట్టుకుంది.

తిరుగు బస్సులో అన్నాను. "అత్తయ్యా, ఆ పాఠం నాకు చదివి వినిపించాలి."

"ఎందుకే తల్లీ ఇప్పుడు? తగ్గనీ, నువ్వే చదువుకుందువు గాని."

"తగ్గేదైతే ఆ పాఠం ఎందుకు దాచావు?"

మండపేట దాటాక ఆవిడ ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

మర్నాడు మధ్యాహ్నం బడి నుంచి తిన్నగా వచ్చి నా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూచుంది. బటన్ నొక్కింది. "కన్ను" అంది. చర్చి గొంతు లేదు. పక్కింటివాళ్ళకి కూడా వినపడని మామూలు ఆడమనిషి గొంతు. రెప్పలు ఎందుకున్నాయో చదివింది, కన్నీళ్ళు ఎక్కడ ఊరుతాయో చదివింది. నల్లగుడ్డ సందుల్లోంచి ఎండ సన్నగా పడుతోంది. బయట కాకి అరుస్తోంది. భయం భయంగా ఉన్నా ఆ గొంతు మీద తేలుతూ నా కంట్లోకి నేనే దిగుతున్నట్టు అనిపించింది. ముందు గది, నీళ్ళలాంటి ద్రవం, దాని వెనక అద్దం, ఇంకా వెనక్కి, ఇంకా లోపలికి.

"కంటి వెనుక భాగమున పలుచని తెర ఉన్నది. మనము చూచునదంతయు ఈ తెరపైననే పడును. ఈ తెర చెడిపోయినచో..." అని ఆగింది.

"చదువత్తయ్యా."

"చెడిపోయినచో, కన్ను పైకి బాగుగానే ఉన్నను చూపు ఉండదు. పోయిన తెరను తిరిగి తెచ్చు వైద్యము ఇంకను లేదు."

గుమ్మం దగ్గర గాజులు గలగలమన్నాయి. అమ్మ అక్కడ ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో మాకు తెలియదు.

"తెరంటే, ఆ వేళ ఈయన చెప్పిందేనా వదినగారూ?" అంది. "అంటే దాని కుడికన్ను రాదా?"

టేపు తిరుగుతూనే ఉంది. కాకి మళ్ళీ అరిచింది.

"రాదు శాంతా" అంది అత్తయ్య.

"ఎడమదో?"

"దాని తెర బాగానే ఉందట. వాపు తగ్గితే నిలుస్తుందన్నారు. తగ్గుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. నువ్వు తట్టుకోలేవని ప్రసాదు..."

"నేను తట్టుకోలేనా? కన్నది నేనండి!" అని అమ్మ లోపలికొచ్చి నన్ను ఒళ్ళోకి లాక్కుంది. ఏడ్చాను. గుక్కపట్టి ఏడ్చాను. అమ్మా ఏడ్చింది. భయం పోలేదు గాని, ఒక్కదాన్నే మోసే బరువు ముగ్గురి మీదా పడ్డట్టు తేలికైంది. టేపు అయిపోయి బటన్ టక్కుమని పైకి లేచేదాకా ఎవరం కదల్లేదు.

ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చాక అమ్మ అడగాల్సినవన్నీ అడిగింది. ఆయన తల వంచుకుని అన్నిటికీ సమాధానం చెప్పారు. మందుల వేళలు అమ్మ తన చేతుల్లోకి తీసుకుంది. కాకినాడకి కూడా ఇక తనే వచ్చింది.

"ఆ కేసెట్టు చెరిపేసి శుభ్రంగా మళ్ళీ చదువుతాను" అంది అత్తయ్య.

"ఆఁ, చెరపండి బాబూ, నా గొంతేం బాగుంటుంది" అంది అమ్మ.

ముందు మంగక్కకి వినిపిద్దామని నేను పట్టుబట్టాను. ఆసుపత్రి వరండాలో ఆమె వైరు చెవిలో పెట్టుకుని మొత్తం వింది. ఈసారి నవ్వలేదు. కేసెట్టు తీసి తన సంచిలో వేసుకుని, "ఇది చెరపడానికి వీల్లేదండి" అంది.

1999

క్రిస్మస్ వెళ్ళాక ఎడమకంట్లో మంచు విడిపోవడం మొదలైంది. ఒక్కసారిగా కాదు. తలుపు అంచు వచ్చింది, అమ్మ ముక్కుపుడక వచ్చింది, కొబ్బరిచెట్లకి మళ్ళీ మొదళ్ళు వచ్చాయి. డాక్టరుగారు చాలాసేపు పరీక్ష చేసి, "ఇది మనకి దక్కిందమ్మా" అన్నారు. అమ్మ ఆయన బల్ల మీద తల ఆనించేసింది. కుడికన్ను రాలేదు. మందమైన అద్దాలు పెట్టుకుని, పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదువుతాను. కన్ను ఎర్రబడితే ఇప్పటికీ గుండె ఆగుతుంది, బస్సెక్కేస్తాను. ఒక ఏడాది పోయింది గాని బడి పోలేదు.

ఆ ఎండాకాలం సెలవులకి ముందు మంగక్క పిల్లల్ని కలవడానికి అమ్మా, అత్తయ్యా, నేనూ వెళ్ళాం. అత్తయ్య దారంతా కొంగు సవరించుకుంటూనే ఉంది, తన గొంతు విని పిల్లలు ఎంత సందడి చేస్తారోనని. గుమ్మం దగ్గర అమ్మ ఆగి, "చెప్పులు ఇక్కడ విడవాలాండి?" అని అడిగింది.

లోపల ఆటల చప్పుడు ఆగిపోయింది. ఓ చిన్నపిల్ల, ఏడెనిమిదేళ్ళుంటాయేమో, గోడ పట్టుకుంటూ వచ్చి అమ్మ కొంగు దొరకబుచ్చుకుంది.

"మీరు కన్ను పాఠంలో అమ్మ కదండీ?"

అమ్మ ఊ అంది.

"నన్ను ఇక్కడ దింపేటప్పుడు మా అమ్మ ఏం మాట్లాడలేదండి" అంది ఆ పిల్ల. "మా అమ్మ కూడా డాక్టర్ని అడిగే ఉంటుంది కదండీ? నాకు వినపడకుండా?"

"అడిగే ఉంటుందమ్మా" అంది అమ్మ. "అడక్కుండా ఎలా ఉంటుంది? నీకు వినపడనివ్వలేదంతే."

అని చెప్పులు విడవడం కూడా మరిచిపోయి, ఆ పిల్ల పక్కన గుమ్మంలోనే కూచుండిపోయింది.